పాలకూర బీట్‌రూట్‌కి ఏమవుతుంది?

సూటిగా చెప్పేస్తాను. సంతలో కట్టలు కట్టి అమ్మే మన పాలకూర, కూరకి తరుక్కునే బీట్‌రూట్, ఈమధ్య పెద్ద ఊళ్ల సూపర్‌మార్కెట్లలో రంగురంగుల కాడలతో కనపడుతున్న చార్డ్, యూరప్‌లో పంచదార తీసే షుగర్ బీట్, అక్కడే పశువులకి మేపే లావుపాటి దుంప, ఇవన్నీ ఒకే జాతి మొక్క. పేరు బీటా వల్గారిస్. నెట్‌లో పాలకూర అని కొడితే వచ్చే స్పినాచ్ మాత్రం వేరే ప్రజాతి, దాని పేరు స్పినాసియా ఒలెరేసియా.

ఈ మాట మా వీధిలో అంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. మేముండేది ఒడిశాలో కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో. ఎదురింటి అత్తయ్యగారి అమ్మాయి బెంగళూరు నుంచి చార్డ్ విత్తనాలు తెచ్చి పెరట్లో చల్లింది. మొక్కలు జానెడు ఎత్తు వచ్చేసరికి ఒకదానికి ఎర్ర కాడ, ఒకదానికి నిమ్మపండు రంగు కాడ, ఇంకోదానికి తెల్లటి బద్దలాంటి కాడ. "ఇదేటి, పాలకూరకి ఎవరో రంగులేసినట్టుంది" అని అత్తయ్యగారు. "పాలకూరేటి, బీట్‌రూట్ ఆకది, అడుగున దుంపుంటాది చూడు" అని మావయ్యగారు. పక్కింటి ఒడియా మౌసీ వచ్చి ఆకు తుంచి నోట్లో వేసుకుని, ఇది పాళంగ శాగే, సందేహం లేదు అని తేల్చేసింది. మావయ్యగారు తవ్వి చూశారు కూడా, దుంప లేదు. దుంప సంగతి పక్కన పెడితే ముగ్గురూ చెప్పింది నిజమే. ముగ్గురికీ తెలియనిది ఒకటే, వాళ్లు వాదించుకుంటున్నది ఒకే మొక్క గురించి అని.

ఎవరికైనా అనుమానం ఉంటే ఆకు చూడొద్దు, ఆకు మోసం చేస్తుంది. విత్తనం చూడండి. బీట్‌రూట్ విత్తనాలు కొన్ని, పాలకూర విత్తనాలు కొన్ని, చార్డ్ విత్తనాలు కొన్ని తెల్ల కాగితం మీద పోసి కలిపేస్తే విడదీయడం దాదాపు అసాధ్యం. మట్టిరంగులో, గరుకుగా, మూలలు మూలలుగా, బెండు ముక్కలా తేలిగ్గా ఉంటాయి. గోటితో నొక్కితే పిండి కాదు, పొట్టులా రాలుతుంది. అసలది విత్తనమే కాదు. రెండు మూడు పూలు ఒకే కణుపు దగ్గర పూసి, ముదిరేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడిన కాయల గుత్తి. అసలు గింజలు ఆ బెండు లోపల ఒక్కో గదిలో ఒక్కోటి, నున్నగా, చిన్నగా ఉంటాయి. అందుకే ఒక గింజ నాటితే రెండు మూడు మొలకలు ఒకేచోట గుంపుగా లేస్తాయి, మనం కూర్చుని పీకి పలచన చేయాలి. షుగర్ బీట్ రైతులకి ఇది పెద్ద తలనొప్పిగా ఉండేది, ఎకరాలకెకరాలు వంగి మొలకలు పీకాలి కదా. 1948లో అమెరికాలో వి.ఎఫ్. సవిట్‌స్కీ అనే శాస్త్రవేత్త పొలాలన్నీ గాలించి ఒక్కో గింజకి ఒక్కటే మొలక వచ్చే మొక్కలు కొన్ని పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన ఒంటిమొలక రకాల్లో చాలావాటికి ఆధారం అవే.

స్పినాచ్ గింజ ఇలా ఉండదు. గుండ్రంగానో, ముళ్లతోనో ఉంటుంది గానీ ఒక గింజకి ఒక మొలకే. పూలు కూడా వేరు. స్పినాచ్‌లో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు, బీటాలో ప్రతి పువ్వులోనూ రెండూ ఉంటాయి. క్రోమోజోములు లెక్కపెట్టినా స్పినాచ్‌కి 12, బీటాకి 18. పెంచేవాళ్లకి ఇంకో సులువైన గుర్తుంది. ఒకసారి కోసేస్తే మళ్లీ చిగురేసి, మళ్లీ కోతకొచ్చి, ఇలా నాలుగైదు కోతలు ఇచ్చేది మన పాలకూర. చలిలో మాత్రమే బాగా ఎదిగి, మొక్కంతా పీకి అమ్మాల్సి వచ్చేది స్పినాచ్. ఉత్తరాదిన దాన్ని విలాయతీ పాలక్ అంటారు. మన ఎండలకి తట్టుకునేది మొదటిదే కాబట్టి విశాఖపట్నం నుంచి రాయగడ దాకా ఏ సంతకి వెళ్లినా కట్టల్లో కనపడేది ఎక్కువగా అదే. విత్తనాల ప్యాకెట్ మీద ఇంగ్లీషులో రెండింటికీ స్పినాచ్ అనే వేస్తారు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లాటిన్ పేరు చదివితేనే తెలుస్తుంది. అమెరికా సైట్లలో స్పినాచ్ పేరుతో ఉండే ఐరన్, విటమిన్ల పట్టికలు చూసి మన పాలకూర పప్పుకి లెక్కలు కట్టేవాళ్లు కాస్త ఆగాలి, ఆ అంకెలు వేరే మొక్కవి.

మన పాలకూరకి పూర్తి పేరు బీటా వల్గారిస్, వెరైటీ బెంగాలెన్సిస్. ఈ బెంగాలెన్సిస్ పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. ఆయన దీన్ని వేరే జాతి అనుకుని బీటా బెంగాలెన్సిస్ అని రాశాడు, తర్వాతివాళ్లు వల్గారిస్‌లో కలిపేశారు. రాక్స్‌బర్గ్ మనకి పరాయివాడేం కాదు. కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి 1793లో వెళ్లేముందు ఏళ్ల తరబడి సామర్లకోటలో ఉన్నాడు, అక్కడ తోట వేయించి, ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించి, పక్కన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. భారతీయ వృక్షశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడు మన గోదావరి జిల్లాలో మొక్కలు ఏరుకుంటూ తిరిగాడని మన స్కూలు పుస్తకాల్లో ఎందుకు రాయరో నాకర్థం కాదు.

వల్గారిస్ అన్న పేరు మాత్రం అంతకన్నా పాతది, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టాడు. వీటన్నిటికీ మూలం సముద్రపు ఒడ్డున పెరిగే అడవి బీట్. మధ్యధరా సముద్రం చుట్టూ, అట్లాంటిక్ వైపు యూరప్ తీరాల్లో ఇప్పటికీ రాళ్ల మధ్య, ఉప్పునీటి జల్లు పడే చోట పెరుగుతుంది. ఆ ఉప్పు అలవాటు పెంపుడు రకాలకి కూడా పోలేదు. చాలా పంటలు చచ్చిపోయే ఉప్పునేలలో బీట్ నిలబడుతుంది, యూరప్‌లో షుగర్ బీట్ పొలాలకి మామూలు ఉప్పునే ఎరువుగా చల్లేవాళ్లు. ఉప్పు ఒత్తిడి తట్టుకోవడానికి మొక్క కణాల్లో పోగేసుకునే ఒక పదార్థానికి బీటైన్ అని పేరొచ్చింది కూడా ఈ మొక్క నుంచే, దాన్ని మొదట తీసింది షుగర్ బీట్ రసంలోంచి.

ఈ అడవి మొక్కని మనుషులు ముందు ఆకు కోసం పెంచారు. గ్రీకులకీ రోమన్లకీ తెలిసిన బీట్ ప్రధానంగా ఆకుకూరే, వేరుని మందుగా వాడేవాళ్లు. గుండ్రటి ఎర్రదుంప యూరప్‌లో బాగా వాడుకలోకి వచ్చింది చాలా ఆలస్యంగా, 16వ శతాబ్దం ప్రాంతంలో. అంటే వయసులో చార్డ్, పాలకూర లాంటి ఆకు రకాలే పెద్దవి. బీట్‌రూట్ తర్వాత పుట్టింది. మావయ్యగారు చార్డ్‌ని బీట్‌రూట్ ఆకు అనడం కన్నా, బీట్‌రూట్‌ని దుంప ఊరిన చార్డ్ అనడం చరిత్రకి దగ్గరగా ఉంటుంది.

వర్గీకరణ విషయానికొస్తే, పాత పుస్తకాల్లో ఒక్కోదానికీ ఒక్కో లాటిన్ తోక ఉంటుంది, ఒకరు ఉపజాతి అంటారు, ఒకరు వెరైటీ అంటారు, చదివితే తల తిరుగుతుంది. 1999లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కొందరు దీన్ని శుభ్రం చేశారు. అడవి బీట్‌కి మారిటిమా అనే ఉపజాతి, పెంపుడువాటన్నిటికీ కలిపి వల్గారిస్ అనే ఒకే ఉపజాతి, అందులో మనిషి వాడకాన్ని బట్టి నాలుగు గుంపులు: ఆకు బీట్, తోట బీట్, పశువుల బీట్, పంచదార బీట్. చార్డ్, పాలకూర రెండూ ఆకు బీట్ గుంపులోకి వస్తాయి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఎందుకంటే ఈ తేడాలు ప్రకృతి చేసినవి కావు, మనుషులు ఒకరు ఆకుని, ఒకరు కాడని, ఒకరు వేరుని ఏరుకుంటూ పోతే వచ్చినవి. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ కూడా సరిగ్గా ఇలాగే ఒకే జాతి, అది మాత్రం ఎవరికి చెప్పినా ఒప్పుకుంటారు, పాలకూర దగ్గరికొచ్చేసరికి ఎందుకో మొండికేస్తారు.

దుంప ఎలా ఊరుతుందో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. బీట్‌రూట్‌ని అడ్డంగా కోయండి. ముదురు ఎరుపు వలయం, దాని చుట్టూ కాస్త పలచటి ఎరుపు వలయం, మళ్లీ ముదురు, మళ్లీ పలచన. మామూలుగా వేరు లావెక్కాలంటే లోపల కణాలు పుట్టించే పొర ఒకటి ఉంటుంది, కేంబియం అంటారు, చాలా మొక్కల్లో అది ఒక్కటే. బీటాలో ఒకదాని బయట ఒకటిగా చాలా పొరలు పుడతాయి, మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే పుట్టేస్తాయి, తర్వాత అన్నీ కలిసి ఒకేసారి ఉబ్బుతాయి. కాబట్టి ఇవి చెట్టు మానులో ఏడాదికొకటి వచ్చే వలయాల్లాంటివి కావు, వీటితో వయసు లెక్కపెట్టలేం. చియోగియా అనే ఇటలీ రకాన్ని కోస్తే ఎరుపు, తెలుపు వలయాలు గీత గీసినట్టు కనపడతాయి. ఇంకో సంగతి, పేరు రూట్ అయినా గుండ్రటి బీట్‌రూట్‌లో ఎక్కువ భాగం వేరు కాదు. మొలకలో వేరుకీ మొదటి రెండాకులకీ మధ్య ఉండే చిన్న కాడ ఉబ్బి అంత అవుతుంది, తోకలా కిందికి దిగేదే అసలు వేరు. అందుకే బీట్‌రూట్ మట్టిలో పూర్తిగా మునగదు, సగం పైకి తేలి కూర్చుంటుంది. షుగర్ బీట్‌లో మాత్రం అసలు వేరు వాటానే ఎక్కువ, పొడుగ్గా లోపలికి దిగుతుంది.

పాలకూరలో ఈ ఏర్పాటంతా లేదా అంటే, ఉంది. మా దగ్గరి కుందులి సంతలో పరజా గిరిజన ఆడవాళ్లు ఒక్కోసారి ముదిరిన పాలకూర మొక్కల్ని వేర్లతో సహా తెస్తారు. ఆ వేరుని పారేయకుండా కడిగి అడ్డంగా కోసి చూడండి. చిటికెనవేలంత లావే గానీ, తెల్లటి ముక్కలో అవే వలయాలు పలచగా కనిపిస్తాయి.

పంచదార కథ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1747లో బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త బీట్‌లోంచి తీసిన పంచదార, చెరకు పంచదార ఒకటేనని చూపించాడు. ఆయన శిష్యుడు అఖార్డ్ 1801లో సైలీషియాలో (ఇప్పటి పోలండ్‌లో ఉంది) ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. ఇంగ్లీషువాళ్లతో గొడవల వల్ల చెరకు పంచదార రావడం ఆగిపోతే 1811లో నెపోలియన్ వేలకొద్దీ ఎకరాల్లో బీట్ వేయించాడు. అప్పట్లో దుంపలో తీపి ఆరు శాతం దాకా ఉండేది, ఇప్పటి రకాల్లో 16 నుంచి 20 శాతం. ప్రపంచంలో ఐదో వంతు పంచదార ఈ పాలకూర తోబుట్టువు నుంచే వస్తోంది.

రంగు గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, నాకు దీంట్లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. వంకాయ ఊదా, నేరేడు నలుపు, శంఖుపువ్వు నీలం, మందారం ఎరుపు, ఇవన్నీ ఆంథోసయనిన్లు అనే రంగులు. పూలమొక్కల్లో దాదాపు అన్నీ వీటినే వాడతాయి. బీట్‌రూట్ ఎరుపు ఆ బాపతు కాదు. అది బీటలైన్, నైట్రోజన్ ఉన్న వేరే రసాయనం, ఎర్రవాటిని బీటాసయనిన్లు అంటారు, పసుపువాటిని బీటాజాంథిన్లు. అత్తయ్యగారి చార్డ్‌లో పసుపు కాడకీ ఎర్ర కాడకీ కారణం ఈ రెండే. పూలమొక్కల్లో ఈ రంగులు కారియోఫిల్లేల్స్ అనే ఒక్క క్రమంలోనే, అంటే దగ్గరి కుటుంబాల ఒక్క గుంపులోనే కనపడతాయి, పైగా బీటలైన్ ఉన్న మొక్కలో ఆంథోసయనిన్ ఉండదు, ఆంథోసయనిన్ ఉన్న మొక్కలో బీటలైన్ ఉండదు. రెండూ కలిసి ఉన్న మొక్క ఇంతవరకూ దొరకలేదు. ఎందుకలా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నారు.

ఇప్పుడు మన పెరట్లోకి రండి. ఎర్ర తోటకూర ఎరుపు బీటలైనే. బచ్చలి పండు నలిపితే వేళ్లకంటే ఊదారంగు, పిల్లలు గోళ్లకి పూసుకునేది, బీటలైనే. గోడ మీది కాగితం పువ్వు, చంద్రకాంత, కోడిజుట్టు పువ్వు, బ్రహ్మజెముడు పండు, ఇప్పుడు అందరూ ఎగబడి కొంటున్న డ్రాగన్ ఫ్రూట్, అన్నీ బీటలైన్ ముఠాయే. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. శంఖుపూల నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం పోయి ఊదాకి తిరుగుతుంది. బీట్‌రూట్ నీళ్లలో పిండితే అలాగే ఎర్రగా ఉంటుంది, పైగా కాస్త పులుపు ఉంటేనే ఆ రంగు ఎక్కువసేపు నిలుస్తుంది. బట్టల సోడా కలిపితే మాత్రం ఎరుపు విరిగి పసుపులోకి పోతుంది. వేడికి కూడా ఈ రంగు ఆగదు, బీట్‌రూట్ కూర ఎక్కువసేపు మగ్గిస్తే ఇటుకరంగుకి దిగడం అందుకే. కొందరికి బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వచ్చి టెన్షన్ పడతారు, చాలాసార్లు అది ఈ రంగే.

కుటుంబం మాటకొస్తే చిన్న తగాదా ఉంది. పాతకాలం పుస్తకాల్లో బీటాని చీనోపోడియేసీలో పెట్టేవారు, అంటే చక్రవర్తి కూర కుటుంబం. 1998లో డీఎన్ఏ ఆధారంగా కొత్త వర్గీకరణ వచ్చినప్పుడు దాన్ని తీసుకెళ్లి తోటకూర కుటుంబం అమరాంథేసీలో కలిపేశారు. కొందరు నిపుణులు ఇప్పటికీ రెండూ విడివిడిగానే ఉండాలంటారు. కలిపితే మాత్రం భలే జాబితా అవుతుంది: తోటకూర, పొన్నగంటి, చక్రవర్తి, పాలకూర, స్పినాచ్, బీట్‌రూట్, కినోవా, చేలగట్టున బట్టలకి అంటుకునే ఉత్తరేణి. అందుకే స్పినాచ్, పాలకూర రుచి అంత దగ్గరగా ఉంటుంది, రెండూ ఒకే ఇంటి పేరువే, ఇళ్లే వేరు. తిన్నాక పళ్లు గరగరలాడటం కూడా ఈ కుటుంబ లక్షణమే, అది ఆగ్జలేట్లు అనే లవణాల పని, కిడ్నీ రాళ్లలో ఎక్కువగా ఉండేవీ ఇవే. ఉడికించి నీళ్లు వార్చేస్తే కొంతవరకు తగ్గుతాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు టమాటాని తిట్టుకోవడం మాని చార్డ్, పాలకూర, బీట్‌రూట్ ఆకు ఎంత తినొచ్చో డాక్టర్‌నే అడగాలి.

ఇక మా కొరాపుట్ వాళ్లకి పనికొచ్చే సంగతి. బీట్‌రూట్, చార్డ్ రెండూ ద్వివార్షికాలు, మొదటి ఏడు ఆకో దుంపో పెంచుకుని, చలికాలంలో కొన్ని వారాలపాటు నాలుగు నుంచి పది డిగ్రీల చలి తగిలితేనే రెండో ఏడు పూస్తాయి. మైదానాల్లో అంత చలి ఉండదు కాబట్టి వాటి విత్తనం హిమాచల్, కశ్మీర్, నీలగిరుల్లోంచి రావాలి. మన పాలకూరకి ఆ చలి పట్టింపు లేదు. అడవి బీట్‌లో ఉన్న పాత గుణం అది, చలి లేకుండానే, పగళ్లు పొడుగయ్యేసరికి ఫిబ్రవరి, మార్చికల్లా ఆకులు చిన్నవైపోయి నడిమి నుంచి పొడుగు కాడ లేపేస్తుంది. పాలకూర విత్తనం మైదానాల్లోనే తీయగలగడం, దేశమంతా అది చవగ్గా పాకడం ఈ ఒక్క గుణం వల్లే.

కానీ సెమిలిగుడ మైదానం కాదు. డిసెంబర్, జనవరి రాత్రులు ఇక్కడ ఎముకలు కొరికే చలి, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునే రోజులూ ఉంటాయి. కాబట్టి ఇక్కడ చార్డ్ మొక్క ఒకటో రెండో పూతకి లేచే అవకాశం ఉంది. లేస్తే ఏమవుతుంది? వీటి పుప్పొడి గాలికి ఎగిరేది, చాలా సన్నగా ఉంటుంది, కిలోమీటరు దూరం ఉంచినా కలవదని పూర్తి భరోసా లేదు. చార్డ్, పాలకూర, బీట్‌రూట్ ఏ రెండైనా ఒకేసారి పూస్తే నిక్షేపంగా కలిసిపోతాయి, ఒకే జాతి కదా. ఢిల్లీలో పూసా అని పిలిచే వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు ఈ కలయికనే కావాలని చేసి, చార్డ్‌తో స్థానిక పాలకూరని సంకరం చేసి పూసా పాలక్ అనే రకం తీశారు. శాస్త్రవేత్తలు చేస్తే కొత్త రకం, మన పెరట్లో దానంతటదే జరిగితే వచ్చే ఏడు పాలకూర మడిలో గులాబీ కాడలు, ముతక ఆకులు.

మా మౌసీ ఏటా తన పాలకూర విత్తనం తనే తీసుకుంటుంది, ఎక్కడా కొనదు. అందుకని అత్తయ్యగారికి చెప్పాను, చార్డ్ ఆకు ఎంతైనా కోసుకోండి, తెల్ల కాడలు విడిగా తరిగి నువ్వులపొడి వేసి వేపుకోండి, ఆకు పప్పులో వేసుకోండి, కానీ ఏ మొక్క నడుమ నుంచి కాడ లేచినా పువ్వు విచ్చకముందే మొదలంటా కోసేయండి అని. బీట్‌రూట్ వేసినవాళ్లకీ ఇదే మాట. విత్తనం కోసం పాలకూర వదిలేవాళ్లు ఒకటి రెండు మొక్కలు కాకుండా ఓ ఇరవై మొక్కలైనా వదలండి, అన్నిటికన్నా ముందు పూతకి లేచినవాటిని పీకేయండి, లేకపోతే ఏటేటా ఆకు తగ్గి, పూత తొందరపడే మొక్కలే మిగులుతాయి. కంకులు పసుపు తిరిగి గోధుమరంగుకి వచ్చాక కోసి, నీడలో ఆరబెట్టి, గోనెపట్టా మీద కర్రతో కొడితే బెండు గుత్తులు రాలతాయి. పొడి డబ్బాలో పెడితే మరుసటి చలికాలం దాకా బాగానే మొలుస్తాయి, నాటేముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టుకుంటే చాలు.